దూదికి ఎన్నేండ్లు

మామునూరు పాత రన్‌వే.
సిమెంటు నెర్రెల్లో గడ్డి తడిసి ఉంది, ఇంకా తెల్లారలేదు.
మెడ నరం మీద బొటనవేలు ఆనించి
మొదటి సీసా నింపాను.
దూది కదల్లేదు. ఒక్క చెవి మాత్రం తిప్పింది,
ఖమ్మం రోడ్డు మీద లారీ హారన్ వైపు.

ఎనుమాముల మార్కెట్టుకు తొలి పత్తి దిగిన రోజు కొన్నాడట,
అందుకే ఆ పేరు.
"తెల్లగున్నదని పెట్టిన మేడం, మెత్తగుంటదని గాదు.
ఇది తన్నిన పన్ను మా బామ్మర్దికి మళ్ల మొలవలే."
వయసు పదహారంటాడు యాకూబ్.
పండ్లు చూసిన సారు పంతొమ్మిది అంటాడు.
కాగితం మీద నేను రెండూ రాసి నడుమ గీత గీశాను.

అన్నారం దర్గా దాకా పోయి రావాలి.
నడక కాదు, పరుగు కాదు, ఆ రెంటి నడుమ
ఆగకుండా సాగే దౌడు.
వెనక జీపులో నేను, ఒళ్ళో మంచుపెట్టె.
వర్ధన్నపేట దాటాక మిరప కల్లాల ఘాటుకి
దూది ఒకసారి తుమ్మింది, యాకూబ్ మూడుసార్లు.

తిరిగొచ్చేసరికి జీను పట్టీ కింద తెల్లటి ఉప్పు చారలు.
రెండో సీసా.
మర్నాడు మూడోది. ఎల్లుండి నాలుగోది.

నేను కొత్తవాడ పిల్లని.
జంపఖానా మగ్గం గుంతలో కాళ్ళు వేలాడేసి అంకెలు నేర్చుకున్నదాన్ని.
అందుకే సారు తెర మీద చూపించే పట్టికలు
నాకు ఇట్లా అర్థమయ్యాయి:
పడుగు పుట్టినప్పుడు ఎక్కించిందే, మారదు.
ఏ పోగు లేస్తుంది, ఏ పోగు అణుగుతుంది,
నాడె అటు నుంచి ఇటు వచ్చేలోపు తేలేది అంతే.
వయసు మీద పడ్డ రక్తంలో
అణిగి ఉండాల్సిన పోగులు లేచే ఉంటాయి,
ఎవరూ ఊదకుండానే రాజుకునే కుంపటిలా.
లేవాల్సినవి బద్ధకిస్తాయి,
చిరుగు కుట్టేవి, కణంలో చెత్త ఊడ్చేవి.

రెండో సీసాలో దూది మా అందరికన్నా ముసలిది.
నిప్పు పోగులన్నీ ఒక్కసారే లేచాయి.
సారు పెదవి విరిచాడు.
మూడో సీసాలో సగం దిగాయి.
నాలుగోదాంట్లో
మొదటి రోజు తల ఎత్తని కుట్టు పోగులు
కొత్త కోడలు గడప దాటినట్టు, ఒక్కొక్కటే.

"ఒక్క గుర్రం, నాలుగు సీసాలు.
యవ్వనం అనే మాట నోట రానీయకు" అన్నాడు సారు.
రానీయలేదు.

"ఎట్లున్నది మేడం, ఏండ్లు తగ్గినయా?"
"తగ్గవు. అలిసినంక సదురుకుంటున్నది."
"గది నాకెర్కే. బరాత్ అయిన తెల్లారి దాని నిద్ర చూస్త గద."
కాసేపు గడ్డిపరక నమిలాడు.
చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచాడు.

"పద్నాలుగేండ్ల సంది దీని పక్కపొంటి నడుస్తున్న.
పిలగాడు ఎక్కుతడు, దిగుతడు.
బ్యాండోళ్లు ఆటో మాట్లాడుకుంటరు.
నడిజాముల హన్మకొండ చౌరస్త కాడికెల్లి
నేను, ఇది, ఇంటిదాక.
నాది గుడ తియ్యరాదు ఓ సీసా?"

ఫారంలో జాతికి గడి ఉంది, రంగుకి గడి ఉంది,
ఆఖరి లాడం ఎప్పుడు కొట్టించారో రాయడానికి కూడా ఉంది.
యజమానికి సంతకం గీత ఒక్కటే.
సూది కవరు సగం చింపి
నా చెయ్యి ఆగింది.
చూశాడు. నవ్వి, చొక్కా చెయ్యి దించుకుని
గుండీ పెట్టుకున్నాడు. ఆ గుండీ అక్కడ లేదు,
దారమే ఉంది. అయినా పెట్టుకున్నాడు.

దూది బకెట్‌లో మూతి ముంచింది.
గుటక గుటకకీ గొంతు కింద ఒక ముద్ద
పైకి పోతోంది.
ఎందుకో లెక్కపెట్టాను.
ముప్పై రెండు దగ్గర తల ఎత్తి
నోట్లో మిగిలిన నీళ్ళన్నీ
నా బూటు మీద వదిలింది.